బైపీసీ చదివిన నాకు ఈ లెక్కలు ఎలా వస్తాయి మాస్టారూ?

కాలిఫోర్నియాలో పీహెచ్‌డీ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. పేరూ, ఊరూ, యూనివర్సిటీ పేరూ తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకి 26 ఏళ్లు. గుంటూరు వైపు పల్లెటూరు. తండ్రి మిరప వేస్తారు, సొంతం రెండెకరాలు, కౌలు రెండెకరాలు. పదో తరగతి తెలుగు మీడియంలో, లెక్కల్లో కూడా పదికి పది. డాక్టర్ని చెయ్యాలని ఇంటర్‌లో బైపీసీలో చేర్చారు. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. బీఎస్సీ బీజెడ్‌సీ, తర్వాత ఎమ్మెస్సీ జువాలజీ, క్లాసులో ఫస్టు. ఎమ్మెస్సీ చివర్లో ఉండగా, 2021–22లో, మిరప మీద నల్ల తామర పురుగు పడింది. వాళ్ల చేను దున్నేశారు. ఆ కోపంతోనే రెండేళ్లు ఒక ప్రాజెక్టులో చేరి చేలన్నీ తిరుగుతూ పూలు దులిపి పురుగుల్ని లెక్కపెట్టింది. ఆ లెక్కలు చూసి ఒక ప్రొఫెసర్ పీహెచ్‌డీకి తీసుకున్నారు. ఫీజు మాఫీ, టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేస్తే నెలకి స్టైపెండ్.

వాళ్ల ప్రోగ్రాంలో మొదటి ఏడాది అందరూ ఒక కోర్ కోర్సు చదవాలి. మొదటి క్వార్టర్ పాపులేషన్ ఎకాలజీ, రెండోది ఎవల్యూషన్, పాపులేషన్ జెనెటిక్స్, మూడోది కమ్యూనిటీ ఎకాలజీ. మొదటిదాంట్లో బీ, రెండోదాంట్లో సీ ప్లస్ వచ్చింది. సగటు 3.0 కన్నా తగ్గినందుకు ప్రొబేషన్ ఉత్తరం, అంటే గ్రేడులు పెంచుకోమనే హెచ్చరిక వచ్చింది. ప్రొఫెసర్ వచ్చే వారం కూర్చుని మాట్లాడదాం అన్నారు.

ఆమె మాటల్లోనే కొంత: "లోట్కా–వోల్టెర్రా సమీకరణాల దగ్గరే ఆగిపోయాను మాస్టారూ. పక్కనున్నవాళ్లు బోర్డు చూసి నవ్వుతూ తలూపుతుంటే నేను అక్షరాలు కాపీ చేసుకుంటున్నాను. శుక్రవారం పేపర్ డిస్కషన్‌లో రెండు క్వార్టర్లలో కలిపి మూడుసార్లు నోరు తెరిచాను. చివరి రెండు ప్రాబ్లం సెట్లు ఫిజిక్స్ చదివొచ్చిన క్లాస్‌మేట్ దగ్గర చూసి రాశాను. పరీక్షలో అదే లెక్క కాస్త మార్చి ఇస్తే ఏం రాయాలో తెలియలేదు. రాత్రి మూడైనా నిద్ర పట్టట్లేదు. ఇంట్లో మాత్రం అంతా బావుందని చెప్పాను. నాన్న ఊళ్లో 'మా అమ్మాయి పురుగుల డాక్టరు అవుతోంది' అని చెప్పుకుంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మేనత్త కొడుకు ఈ సీతాకోకచిలుకల చదువు మానేసి డేటా ఎనలిటిక్స్ ఎమ్మెస్‌లోకి మారమంటున్నాడు. నాకు ఈ చదువుకి బుర్ర లేదా? వదిలేసి రావాలా? ఇంట్లో ఎలా చెప్పాలి?"

అమ్మా,

మూడు ప్రశ్నలు అడిగావు. నాకు నాలుగు కనిపించాయి. నాలుగోది ఒక్క వాక్యంలో చెప్పి దాటేశావు, ఆ చూసి రాసిన ప్రాబ్లం సెట్ల సంగతి. దానికి తర్వాత వస్తాను.

ముందు బుర్ర సంగతి. పదో తరగతిలో లెక్కల్లో పదికి పది వచ్చిన పిల్ల నువ్వు. మర్నాటి నుంచి నీ బుర్ర ఎక్కడికీ పోలేదు. పదిహేనేళ్ల వయసులో నిన్ను ఒక గదిలోకి పంపి లెక్కల తలుపు మూసేశారు. నువ్వు చేరినప్పుడు బైపీసీ అంటే మన దగ్గర అంతే కదా. ఎంపీసీ వాళ్లకి జీవశాస్త్రం ఉండేది కాదు, బైపీసీ వాళ్లకి గణితం ఉండేది కాదు. ఇంటర్ రెండేళ్లు, నీట్ కోసం ఇంకో ఏడాది, డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు, ప్రాజెక్టు రెండేళ్లు. పదేళ్లు నువ్వు ఒక్క డెరివేటివ్ కట్టలేదు. నీ పక్కన కూర్చున్న ఫిజిక్స్ కుర్రాడు ఆ పదేళ్లూ రోజూ అదే పని చేశాడు. అతను గంటలో చేసే లెక్కకి నీకు రెండు రోజులు పట్టడంలో వింతేముంది?

ఇందులో నా తప్పూ ఉంది. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పాను. హార్డీ–వైన్‌బర్గ్ సూత్రం మాకు ఐదు మార్కుల ప్రశ్న. పీ స్క్వేర్ ప్లస్ టూ పీక్యూ ప్లస్ క్యూ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు వన్, దాని కింద ఐదు షరతులు, నోట్సు అయిపోయింది, తర్వాతి పాఠం. పది వేల మందిలో ఒక్క బిడ్డకి వచ్చే అంతర్గత జన్యువ్యాధి, అంటే చెడ్డ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే కనపడేది, ఒకటి ఉందనుకోండి, ఆ జన్యువుని పైకి తెలియకుండా మోస్తున్నవాళ్లు ఎంతమంది అని ఒక్కసారి కూడా క్లాసులో అడగలేదు. క్యూ అంటే ఆ చెడ్డ జన్యువు వాటా, పీ అంటే మంచిదాని వాటా. క్యూ స్క్వేర్ పది వేలలో ఒకటి అంటే క్యూ వందలో ఒకటి. టూ పీక్యూ దాదాపు వందకి రెండు. అంటే యాభై మందిలో ఒకరు. ఈ లెక్కకి ఏడో తరగతి గణితం చాలు. ఇది చెప్పి ఉంటే పిల్లలు ఉలిక్కిపడి లేచి కూర్చునేవాళ్లు. నేను చెప్పలేదు. నాకు చెప్పినవాళ్లూ చెప్పలేదు.

ఆ సూత్రం పుట్టుకే ఒక ముచ్చట. 1908లో కేంబ్రిడ్జిలో పన్నెట్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక సందేహం తీరక తన క్రికెట్ స్నేహితుణ్ణి అడిగాడు. ఆ స్నేహితుడు జి.హెచ్. హార్డీ, తర్వాత రామానుజన్‌ని పిలిపించుకున్న హార్డీయే. ఇంత చిన్న విషయం జీవశాస్త్రజ్ఞులకి తెలిసే ఉంటుందనుకున్నానే అన్న ధోరణిలో ఆయన ఒక చిన్న ఉత్తరం రాసి పత్రికకి పంపాడు. అంటే లెక్కల దగ్గర మనవాళ్లు తడబడటం నీతో మొదలైంది కాదు. డార్విన్ కూడా గణితం కాస్త దూరమైనా చదువుకోలేకపోయానే అని తన ఆత్మకథలో బాధపడ్డాడు.

ఇక్కడ నిన్ను ఓదార్చడానికి ఎవరైనా ఇ.ఓ. విల్సన్ కథ చెప్తారు. చీమల మీద ప్రపంచంలో ఆయన్ని మించినవాడు లేడు. హార్వర్డ్‌లో పర్మనెంట్ ప్రొఫెసర్ అయ్యాక, 32 ఏళ్ల వయసులో, డిగ్రీ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని కాలిక్యులస్ క్లాసు విన్నాడు. సీ గ్రేడు వచ్చింది. ఆయనే చెప్పుకున్నాడు. బావుంది కథ. కానీ దీన్ని పట్టుకుని కూర్చోకు. ఆయనకి అప్పటికే ఉద్యోగం ఉంది. లెక్కలు చూసుకోవడానికి రాబర్ట్ మెకార్థర్ లాంటివాడు దొరికాడు, ఇద్దరూ కలిసి 1967లో దీవుల జీవభౌగోళికం మీద పుస్తకం తెచ్చారు. నీకు ఉద్యోగమూ లేదు, మెకార్థరూ లేడు. సీ ప్లస్ నీకు ప్రొబేషన్. కాబట్టి లెక్కలు రాకపోయినా పర్వాలేదని నేను అనను. నేర్చుకోవడానికి వీలైనవే అంటాను, అంతవరకే.

లోట్కా–వోల్టెర్రా దగ్గర ఆగిపోయానన్నావు. అది చదివి నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ సమీకరణాల్లో ఉన్నది మీ నాన్నగారి చేనే.

మొదటి ప్రపంచయుద్ధంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట బాగా తగ్గింది. అప్పుడు మార్కెట్‌కి వచ్చిన చేపల్లో వేటాడే జాతుల వాటా పెరిగిందని డాంకోనా అనే యువ జీవశాస్త్రజ్ఞుడు గమనించాడు. వేట తగ్గితే అన్ని చేపలూ పెరగాలి గానీ వీటికే ఎందుకు కలిసొచ్చింది? ఆ ప్రశ్న గణితం ప్రొఫెసర్ వీటో వోల్టెర్రా చెవిన పడింది. తినేవాటి సంఖ్యా తినబడేవాటి సంఖ్యా ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో చెప్తూ ఆయన 1926లో రాసిన రెండు లైన్లే ఇప్పుడు నిన్ను భయపెడుతున్నవి. అమెరికాలో లోట్కా వాటిని ఏడాది ముందే వేరే దారిలో రాశాడు.

ఆ రెండు లైన్లనీ సున్నాకి సమానం చేసి చూడు. వింత ఒకటి కనిపిస్తుంది. తినబడే పురుగు సగటు సంఖ్య దాని సొంత పుట్టుక మీద ఆధారపడదు, దాన్ని తినే జీవి చావు రేటు మీద ఆధారపడుతుంది. తినే జీవి సగటు ఏమో పురుగు పుట్టుక రేటు మీద ఆధారపడుతుంది. ఇప్పుడు చేలో మందు కొట్టావనుకో. మందు రెంటినీ చంపుతుంది. పురుగు పెరిగే రేటు తగ్గుతుంది, దాన్ని తినే అక్షింతల పురుగు చావు రేటు పెరుగుతుంది. లెక్క ఏం చెప్తుంది? సగటున పురుగు పెరుగుతుంది, అక్షింతల పురుగు తగ్గుతుంది. ఏడ్రియాటిక్‌లో వేట తగ్గినప్పుడు జరిగింది దీన్ని తిరగేస్తే వచ్చేదే. నువ్వున్న కాలిఫోర్నియాలోనే ఇది జరిగింది. 1880ల చివర్లో నిమ్మ, నారింజ తోటల్ని పొలుసు పురుగు నాశనం చేస్తుంటే ఆస్ట్రేలియా నుంచి ఒక రకం అక్షింతల పురుగుల్ని తెచ్చి వదిలారు. అవి దాన్ని అణిచేశాయి. 1940ల్లో డీడీటీ వచ్చింది, తోటల్లో కొట్టారు, అక్షింతల పురుగులు చచ్చాయి, పొలుసు పురుగు మళ్లీ లేచింది.

2021లో మీ ఊళ్లో వారానికోసారి మందు కొట్టినవాళ్లందరూ "కొట్టేకొద్దీ పెరుగుతోందే" అన్నారా లేదా? అన్నారని నీ ఉత్తరంలోనే ఉంది. ఇది ఒక్కటే కారణమని నేను అనను. తామర పురుగు పూలలో దాక్కుంటుంది, మందుకి అలవాటు పడే గుణమూ ఉంటుంది. అయినా ఆ మాటని ఆ రెండు లైన్లలో చదవగలిగే మనిషి మీ క్లాసులో ఇంకెవరున్నారు? ఫిజిక్స్ కుర్రాడు సమీకరణాన్ని చకచకా సాధిస్తాడు. అందులోని అక్షరం చేలో ఏమిటో అతనికి తెలియదు. నీకు చేను తెలుసు, అక్షరం తెలియదు. రెండోదాన్ని ఏడాదిలో నేర్చుకోవచ్చు.

ఎలా నేర్చుకోవాలంటే, నా మాట విని ముందు పెన్ను పక్కన పెట్టు. ఫోన్‌లో కాలిక్యులేటర్ తియ్యి. ఒక సంఖ్య తీసుకో, 0.2 అనుకో. ఈ ఏడు చేలో ఉన్న పురుగు అది, ఒక్కోసారి లెక్క కడితే ఒక్కో ఏడు గడిచినట్టు. దాన్ని ఒకటిలోంచి తీసెయ్యి, వచ్చినదాన్ని 0.2తో గుణించు, మళ్లీ 2.5తో గుణించు. 0.4 వస్తుంది. దానికీ అదే చెయ్యి. 0.6. మళ్లీ చెయ్యి. 0.6. ఇక ఎన్నిసార్లు చేసినా కదలదు. ఇప్పుడు 2.5 బదులు 3.2 పెట్టు. ఒక ఏడు 0.51, మరుసటి ఏడు 0.80, మళ్లీ 0.51. ఒక ఏడు పురుగు తక్కువ, ఒక ఏడు ఎక్కువ. 3.9 పెడితే పట్టూ విడుపూ లేకుండా గంతులేస్తుంది. వాన లేదు, మందు లేదు, చలి లేదు, ఏ కారణమూ లేకుండానే. ఫిజిక్స్ నుంచి ఎకాలజీకి వచ్చిన రాబర్ట్ మే 1976లో దీని మీద రాస్తూ, ఈ లెక్కని పిల్లలకి తొందరగా చేయించాలని ప్రత్యేకంగా కోరాడు. నేను రిటైరయ్యాక చేశాను. ఒక మధ్యాహ్నమంతా పోయింది.

ఇక రెండో క్వార్టర్, నిన్ను దెబ్బతీసిన పాపులేషన్ జెనెటిక్స్. నీ గదిలో పెసలూ మినుములూ ఉండే ఉంటాయి. గిన్నెలో ఐదు పెసలు, ఐదు మినుములు వెయ్యి. కళ్లు మూసుకుని ఒకటి తియ్యి, ఏదో రాసుకో, మళ్లీ గిన్నెలో వేసెయ్యి. ఇలా పదిసార్లు. ఆరు పెసలు, నాలుగు మినుములు వచ్చాయనుకో. ఇప్పుడు గిన్నె ఖాళీ చేసి ఆరు పెసలు, నాలుగు మినుములు పెట్టు. ఇది రెండో తరం. మళ్లీ పదిసార్లు తియ్యి. కొన్ని తరాలకి ఏదో ఒకటి పూర్తిగా పోతుంది. ఎవరూ ఎవర్నీ చంపలేదు, ఎవరూ మేలైనవాళ్లు కారు, ఒట్టి చీట్లాటతోనే పోయింది. రైట్–ఫిషర్ మోడల్ అని మీ బోర్డు మీద అరగంటసేపు రాసింది ఇదే. ఒక పెసరగింజే, తొమ్మిది మినుములతో మొదలుపెడితే చివరికి పెసలే మిగిలే అవకాశం ఎంత? పదిలో ఒకటి. ఎన్నిసార్లు ఆడినా సగటు అక్కడికే వస్తుంది. ఈ ఆట చేతికి వచ్చాక ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగైదు లైన్లు రాసి కంప్యూటర్‌తో వెయ్యిసార్లు ఆడించు. అప్పుడు బోర్డు మీది సమీకరణం దగ్గరికి వెళ్లు. నువ్వు ఇప్పటిదాకా అటునుంచి ఇటు వస్తున్నావు.

ఇంకో మాట చెప్పి ఇది ఆపుతాను. తామర పురుగుల్లో మగవి ఫలదీకరణ చెందని గుడ్ల నుంచి పుడతాయి, అంటే ప్రతి జన్యువూ వాటికి ఒక్క ప్రతే. మందుని తట్టుకునే జన్యువు అంతర్గతమైనా సరే, మగవాటిలో దాన్ని కప్పేసే రెండోది ఉండదు. మరి ఆ గుణం ఎంత వేగంగా వ్యాపిస్తుంది? మామూలు హార్డీ–వైన్‌బర్గ్ అక్కడ నేరుగా అతకదు, కాస్త మార్చి కట్టాలి. మీ ప్రొఫెసర్ దగ్గరికి ఈ ప్రశ్న పట్టుకెళ్లి చూడు.

ఇప్పుడు దారులు. నేను ఆజ్ఞలు ఇవ్వను, ఒక్కోదానికి ఏం ఖర్చవుతుందో చెప్తాను.

కోర్ కోర్సులో ఆ క్వార్టర్ని వచ్చే ఏడాది మళ్లీ తీసుకోవడం ఒకటి. దానికి ముందు వేసవిలో గానీ ఈ క్వార్టర్‌లో గానీ డిగ్రీ పిల్లల కాలిక్యులస్, ప్రాబబిలిటీ క్లాసుల్లో కూర్చోవాలి. ఇరవై ఆరేళ్లకి పద్దెనిమిదేళ్ల వాళ్ల మధ్య కూర్చోవడం మొదటి వారం నామోషీగా ఉంటుంది, తర్వాత వాళ్లే నోట్సు అడుగుతారు. అసలు నష్టం సమయం. పీహెచ్‌డీ ఒక ఏడాది వెనక్కి జరగొచ్చు. స్టైపెండ్ అన్నేళ్లు ఇస్తారా, ప్రొబేషన్‌లో ఉండగా టీచింగ్ అసిస్టెంట్ పని కొనసాగుతుందా అన్నవి ముందు కనుక్కో, నోటిమాటగా వద్దు, ఈమెయిల్‌లో. డిగ్రీ స్థాయి కోర్సులు నీ ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తాయో రావో కూడా అడుగు.

భారం తగ్గించుకోవాలని ఏ కోర్సూ నీ అంతట నువ్వు డ్రాప్ చెయ్యకు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు అనుమతి తీసుకున్నాకే కోర్సులు తగ్గించుకోవాలి. అక్కడి బోధన పద్ధతి కొత్త కావడం, స్థాయికి మించిన కోర్సులో పడటం లాంటి కారణాలకి ఒక టర్మ్ వరకు అనుమతి ఇచ్చే వీలు నిబంధనల్లోనే ఉంది. అనుమతికి ముందే డ్రాప్ చేస్తే వీసా స్టేటస్ పోయే ప్రమాదం ఉంది. ఈ ఒక్క పని ప్రొఫెసర్ మీటింగు కన్నా ముందే చెయ్యి.

రెండో దారి, మాస్టర్స్ తీసుకుని బయటికి రావడం. ఇది ఓటమి అని అనుకోకు. మీ ప్రోగ్రాంలో అలా ఇస్తారా, ఇంకా ఎన్ని క్రెడిట్లు కావాలి అన్నది అడిగి తెలుసుకో. డిగ్రీ చేతికొస్తే 12 నెలలు ఓపీటీ మీద చదువుకి సంబంధించిన పని చేసుకోవచ్చు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్న డిగ్రీ అయితే షరతులకి లోబడి మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. కానీ ఎకాలజీ ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లా దొరకవు. అదీ తెలిసి ఉండు.

మీ బావ చెప్పిన డేటా ఎనలిటిక్స్ గురించి. అతను ప్రేమతోనే చెప్పి ఉంటాడు. కానీ లెక్కలు రావడం లేదని భయపడి వెళ్లేది ఎక్కడికి? స్టాటిస్టిక్స్‌లోకే. పెనం మీంచి పొయ్యిలో పడటం. పైగా ఇక్కడ నీకు ఫీజు మాఫీ, అక్కడ ఫీజు నువ్వే కట్టాలి. మీ నాన్నగారు మళ్లీ అప్పుకి వెళ్తారు. నీకు నిజంగా ఆ పని ఇష్టమైతే వేరే సంగతి. నీ ఉత్తరంలో దాని మీద ఇష్టం ఒక్క అక్షరంలోనూ కనపడలేదు. తామర పురుగు గురించి మాత్రం పేజీన్నర రాశావు.

ఇండియాకి తిరిగి రావడం నాలుగోది. బెంగుళూరు ఐఐఎస్సీలో సెంటర్ ఫర్ ఎకలాజికల్ సైన్సెస్ ఉంది, జీవశాస్త్ర పరిశోధనకి ఎన్‌సీబీఎస్ ఉంది, తిరుపతిలో ఐసర్ ఉంది, హైదరాబాద్‌లో అంతరించిపోతున్న జీవుల మీద పనిచేసే సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ఉంది. మంచి చోట్లు. ఇంటికి దగ్గర, నీ మిరప చేలకీ దగ్గర. కానీ మళ్లీ ప్రవేశపరీక్షలు, ఇంటర్వ్యూలు, మళ్లీ కోర్సువర్క్. లెక్కలు తప్పించుకోవడానికే అయితే రావద్దు, అవి అక్కడా ఎదురొస్తాయి. పని కోసం వస్తానంటే రా. జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆయనకి సైన్సు డిగ్రీయే లేదు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది గణితం, ఆ తర్వాత గ్రీకు, లాటిన్. నీకు సరిగ్గా అటు చివర ఉన్నవాడు. ఖరీదైన యంత్రాలు లేకుండా కళ్లతో చూసి లెక్కపెట్టే పనులు ఆయన శిష్యులకి ఇచ్చేవాడు. వాళ్లలో మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఒకరు. ఏ సీతాకోకచిలుక ఏ రంగు లాంటానా పూల మీద వాలుతుందో లెక్కపెట్టి 1960లో నేచర్ పత్రికలో వేశారు. మీ బావ వెక్కిరించే సీతాకోకచిలుకల చదువు అదే.

ఈ నాలుగింటిలో నన్ను అడిగితే మొదటిదానికి ఒక ఏడాది గడువు పెట్టుకోమంటాను. వచ్చే ఏడు ఆ క్వార్టర్‌లో బీ దాటకపోతే మాస్టర్స్‌తో బయటికి వచ్చే దారి అప్పటికీ మూసుకుపోకుండా ఉండేలా ఇప్పుడే ప్రొఫెసర్‌తో మాట్లాడి పెట్టుకో. కానీ రోజూ ఆ గదిలో కూర్చోవాల్సింది నువ్వు. పొద్దున్న లేవగానే కడుపులో తిప్పుతోందంటే ఏడాది చాలా పొడుగు.

ఇప్పుడు ఆ నాలుగో సంగతి. చాలా కోర్సుల్లో ప్రాబ్లం సెట్లు కలిసి చేసుకోనిస్తారు, రాసేది మాత్రం ఎవరిది వాళ్లు రాయాలి. మీ కోర్సులో నియమం ఏమిటో సిలబస్ కాగితంలో చదువు. చూసి రాయడం అక్కడ చాలా పెద్ద తప్పు కింద లెక్క, ప్రొబేషన్‌లో ఉన్నప్పుడు పట్టుబడితే సీ ప్లస్ కన్నా ఎక్కువ నష్టం. ఇప్పుడు పరిగెత్తుకెళ్లి ఒప్పుకోమని నేను చెప్పలేను, దాచిపెట్టమనీ చెప్పలేను. అది కలిసి చేసుకోవడంలోకి వస్తుందో, నియమం దాటిందో చదివాక నీకే తెలుస్తుంది. దాటి ఉంటే, ఆ బరువు మోస్తూ ఇంకో నాలుగేళ్లు అదే డిపార్ట్‌మెంట్‌లో తిరగగలనా అని ఆలోచించుకో. ఒప్పుకుంటే శిక్ష ఉండొచ్చు, చెప్పకపోతే భయం ఉంటుంది. ఏది ఎంచుకున్నా ఇంకోసారి మాత్రం వద్దు. ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లు, అతని కాగితం చూడకు, నువ్వు సగం చేసిన లెక్క చూపించి "ఇక్కడ ఆగిపోయాను" అను. బదులుగా నువ్వు అతనికి ఇవ్వగలిగింది ఉంది. పురుగుని చూసి పేరు చెప్పడం అతనికి రాదని నువ్వే రాశావు.

శుక్రవారం మౌనం గురించి. మన దగ్గర క్లాసులో నోరు మూసుకుని కూర్చుంటే బుద్ధిమంతురాలు అంటారు. అక్కడ చెప్పడానికి ఏమీ లేనట్టు. ఇంగ్లీషు తడబడుతుందని భయపడకు, తడబడనీ. పేపర్ చదివేటప్పుడు ముందు బొమ్మలూ గ్రాఫులూ చూడు, ఒక ప్రశ్న కాగితం మీద రాసుకో, మొదటి పది నిమిషాల్లోనే అడిగెయ్యి. ఆలస్యమైన కొద్దీ గొంతు పట్టేస్తుంది. "ఈ మోడల్‌లో కే, అంటే ఆ చోటు మోయగలిగే పురుగుల సంఖ్య, ఎప్పుడూ మారదు అనుకున్నారు, మా చేలో మార్చి దాటితే పంటే ఉండదు, అప్పుడు కే ఎంత?" ఇలాంటిది ఒక్కటి చాలు. దాని మీద గంటసేపు మాట్లాడుకుంటారు.

ప్రొఫెసర్ దగ్గరికి క్షమాపణ పట్టుకెళ్లకు. పరీక్ష పేపర్ పట్టుకెళ్లు. ఎక్కడ ఆగిపోయావో పెన్సిల్‌తో గీసి తీసుకెళ్లు. "పదేళ్లు నాకు గణితం లేదు, నేను చదివినప్పుడు మా రాష్ట్రంలో ఈ చదువు ఇలా విడిపోయేది" అని చెప్పు. ఆయనకి బైపీసీ అంటే ఏమిటో తెలియదమ్మా. నీ మార్కుల లిస్టు చూసి అన్నీ వచ్చనుకుని ఉంటారు.

నిద్ర గురించి ఒక్క ముక్క. మూడు గంటల దాకా మేలుకునేవాళ్లకి ఏ లెక్కా ఎక్కదు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకి కౌన్సెలింగ్ ఉంటుంది, ఫీజు లేకుండానో తక్కువకో. ఈ వారమే వెళ్లు. అమ్మకి చెప్పక్కర్లేదు.

నాన్నగారికి చెప్పాలి. ఎప్పుడన్నది నీ ఇష్టం, మీటింగు అయ్యి ఏదో ఒక దారి తేలాక చెప్తే నీకు సులువు. ముందే చెప్తే వాళ్లు రాత్రంతా కూర్చుంటారు, పొద్దున్నకల్లా మేనత్తగారింటికి కబురు వెళ్తుంది, బావ ఫోన్ వస్తుంది, వెనకే ఏదో పెళ్లి సంబంధం వస్తుంది. మరీ ఆలస్యం చేస్తే ఇంకెవరి ద్వారానో తెలుస్తుంది, అది ఇంకా చెడ్డది. గ్రేడులూ ప్రొబేషనూ వివరించబోకు. 2021లో చేను దున్నించిన మనిషి ఆయన. మర్నాడు ట్రాక్టర్ వాడికి డబ్బులిచ్చి, మళ్లీ ఏడాదికి నారు ఎక్కడ తేవాలో కనుక్కున్నారని నువ్వే రాశావు. "నాన్నా, ఈ పంట సరిగా రాలేదు, వచ్చే ఏడు మళ్లీ వేస్తున్నా" అని చెప్పి చూడు. ఏమంటారో నాకూ వినాలనుంది. ఆయన అందరికీ చెప్పుకున్నదాని గురించి నువ్వు కంగారు పడకు. ఊళ్లో మాట ఎలా మార్చాలో ఆయనకి నీకన్నా బాగా తెలుసు.

ఆ గిన్నె ఆట మాత్రం ఇవాళే ఆడు. నేను నిన్న రాత్రి ఆడాను, పదకొండో తరంలో మినుములు పోయాయి. నీకు ఏవి మిగిలాయో రాయి.